హోమ్ అంటే ఇల్లు కాదు

నాకు కోపం ముందు, ఆలోచన తర్వాత. ఈ సంగతి పిడుగురాళ్లలో మా వీధి వీధంతా తెలుసు. కానీ ఆ కోపాన్ని ఏ మాటతో రాజెయ్యాలో కనిపెట్టి, తన పనికి వాడుకున్న మనిషి ఒక్కడే. అతని పేరు వీరాంజనేయులు. ఇక్కడికి దగ్గర్లోనే ఒక సున్నపురాయి క్వారీకి మేనేజరు.

నా పేరు భార్గవి. నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదివి, పిడుగురాళ్ల బస్టాండు వెనక సందులో డ్రోన్లు రిపేరు చేసే షాపు పెట్టుకున్నాను. మిరప చేలకి మందు కొట్టేవి, పెళ్ళిళ్ళలో ఫొటోలు తీసేవి, రెండు రకాలూ నా బల్ల మీదికే వస్తాయి. పక్క షాపు అన్సార్ భాయ్‌ది. మోటార్లకి వైండింగ్ చేస్తాడు. నా అరుపులు రోజూ వినే పాపం ఆయనది.

ఫిబ్రవరి మొదట్లో వీరాంజనేయులు మా షాపుకి వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా, మెత్తటి గొంతు. స్టూలు మీద కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని చెప్పాడు.

"మా క్వారీ మీదికి రోజు మార్చి రోజు ఒక డ్రోను వస్తంది తల్లీ. మా కూలి ఆడోళ్ళు తడికెల చాటున నీళ్ళు పోసుకునే యాళకి సరిగ్గా పైన నిలబడతంది. ఎవడు ఎగరేస్తన్నాడో అంతు చిక్కట్లా. నువ్వు చదువుకున్న పిల్లవి. నీ వల్ల అవుద్దా?"

నా ఒళ్ళు భగ్గున మండింది. స్నానం చేసే ఆడవాళ్ళ నెత్తిన కెమెరా పెట్టే వెధవని నడి బజార్లో నిలబెట్టాలనిపించింది. "వాడు ఏ పుట్టలో దాక్కున్నా చెప్తానండీ, నాకు మూడు వారాలు టైమివ్వండి" అన్నాను. అసలు ఆ తడికెలు ఎక్కడున్నాయి, ఆ ఆడవాళ్ళలో ఒక్కరైనా ఫిర్యాదు చేశారా అని అడగనే లేదు.

డ్రోన్ల సంగతి కొంచెం చెప్పాలి. పెళ్ళి ఫొటోల వాళ్ళు ఎక్కువగా వాడే డ్రోన్లు ఎగురుతున్నంతసేపూ తమ గురించి తామే చాటింపు వేసుకుంటాయి. సెకనుకి ఒకటి రెండుసార్లు చిన్న రేడియో కూత వస్తుంది. అది మన చెవికి వినపడదు. అందులో డ్రోన్ నంబరు, అది ఎక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో అన్నీ ఉంటాయి. పోలీసులూ విమానాశ్రయాల వాళ్ళూ వినడానికి పెట్టిన ఏర్పాటు అది. దాన్ని చదివే యంత్రం మాబోటి వాళ్ళకి అమ్మరు. కూతలో అంకెల్ని కలగాపులగం చేసి పంపుతారు కాబట్టి, ఉత్త రేడియో పెట్టుకుని వింటే ఏమీ తెలియదు.

కాలేజీ స్నేహితురాలి దగ్గర రేడియో సంకేతాలు పట్టే డబ్బా ఒకటి తెచ్చుకున్నాను. దాన్ని లాప్‌టాప్‌కి తగిలించి, రిపేరుకొచ్చిన డ్రోన్‌ని డాబా మీద పెట్టి, కూతల్ని వేల కొద్దీ పోగేశాను. కలగాపులగం విడదీయడానికే పది రోజులు పట్టింది. విడదీస్తే బారెడు అంకెలు బయటపడ్డాయి. ఏ అంకె దేని గురించి చెబుతోందో ఎవరికి తెలుసు? అందుకని డ్రోన్ని కదలకుండా ఉంచి, రిమోటునీ ఫోన్‌నీ అన్సార్ భాయ్ చేతికిచ్చి బస్టాండు దాకా నడిచి రమ్మన్నాను. ఆయన నడుస్తుంటే అంకెల వరుసలో రెండు చోట్ల మాత్రమే కదలిక కనిపించింది. ఆగితే అవీ ఆగాయి.

కానీ అవి అక్షాంశం, రేఖాంశంలా లేవు. మనది పదహారు చిల్లర, డెబ్భై తొమ్మిది చిల్లర. ఇక్కడేమో లక్షల్లో అంకెలు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు పళ్ళు తోముకుంటుంటే ఇంటర్‌లో లెక్కల మాస్టారు చెప్పిన రేడియన్లు గుర్తొచ్చాయి. నోట్లో నురుగుతోనే పరిగెత్తి మొదటి అంకెని లక్షా డెబ్భై నాలుగు వేల ఐదువందల ముప్ఫై మూడుతో భాగించాను. పదహారు పాయింట్ నాలుగు ఎనిమిది వచ్చింది. అంటే పిడుగురాళ్ల బస్టాండు, అన్సార్ భాయ్ నిలబడ్డ టీ బండి.

నేను కేకలు పెట్టి గంతులేస్తుంటే ఆయన మొహం మాత్రం మాడిపోయింది.

"అంటే నేను యాడ నిలబడ్డానో అది గాల్లో అందరికీ చెప్తందా?"

"అవును భాయ్! డ్రోన్ ఉన్న చోటే కాదు, ఎగరేసేవాడు ఉన్న చోటు కూడా!"

"ఇది మంచి పని కాదు బేటీ. చాటుగా ఉండేవాళ్ళంతా దొంగలు కాదు. ఆ క్వారీ వాళ్ళకియ్యమాక."

"ఆడోళ్ళ స్నానాలు చూసేవాడి మీద నీకెందుకంత జాలి?" అని కసిరాను. ఆయన తన షాపులోకి వెళ్ళిపోయాడు. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

తెర మీద మూడు వరుసలు కనపడేలా ప్రోగ్రామ్ రాశాను. మొదటిది డ్రోన్, ఇప్పుడు ఎక్కడుందో. రెండోది పైలట్, ఎగరేసేవాడు ఎక్కడ నిలబడ్డాడో. మూడోది హోమ్. డ్రోన్ నేల మీంచి లేచిన చోటుని మా వృత్తిలో హోమ్ పాయింట్ అంటారు. బ్యాటరీ అయిపోవస్తే తనంతట తాను వెనక్కి వచ్చి దిగేది అక్కడే. పక్కనే మ్యాపు, మ్యాపు మీద డ్రోన్ దారిని చూపే ఎర్ర గీత. రెండో తరగతి పిల్లకి కూడా అర్థమయ్యేలా చేశానని మురిసిపోయాను.

ఫిబ్రవరి ఆఖరి వారంలో, పొద్దున పదింటికి డబ్బా తీసుకుని క్వారీకి వెళ్ళాను. గుంట అంచున రేకుల గదే ఆఫీసు. బల్లలూ కుర్చీలూ అన్నిటి మీదా తెల్లటి దుమ్ము. వీరాంజనేయులు నాకు టీ ఇప్పించాడు. తలుపు దగ్గర ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు. వాళ్ళ పేర్లు చెప్పలేదు, నేనూ అడగలేదు.

పదకొండు దాటి పది నిమిషాలకి తెర మీద మూడు వరుసలూ వెలిగాయి.

మొదట గర్వంతో గుండె పొంగింది. మూడు వారాల పని కళ్ళ ముందు ఆడుతోంది. ఆ తర్వాత మ్యాపు మీద ఎర్ర గీత చూశాను. డ్రోన్ ఒకచోట నిలబడటం లేదు. గుంటకి ఉత్తరపు అంచున, దుక్కి దున్నినట్టు, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిన్నగా చాళ్ళు తీస్తోంది. నేలని కొలిచేవాళ్ళు ఎగరేసే పద్ధతి అది. కిటికీలోంచి చూశాను. తడికెలు దక్షిణం వైపు దూరంగా ఉన్నాయి. పదకొండింటికి ఆడవాళ్ళంతా గంపలు మోస్తున్నారు. ఆ వేళప్పుడు స్నానం చేసేది ఎవరు?

ఈ మనిషి నాకు అబద్ధం చెప్పాడని అప్పటికి తెలిసింది.

అప్పుడు పై వరుసలో డ్రోన్ నంబరు చూశాను. దాని చివరి ఐదంకెలు నాకు కంఠతా వచ్చు. జనవరిలో విరిగిన రెక్క మార్చింది నేనే. అది మాచవరం యేసుపాదానిది. పెళ్ళి ఫొటోలు తీస్తాడు, నన్ను అక్కా అని పిలుస్తాడు. వాళ్ళన్న దావీదు ఈ క్వారీలోనే డ్రిల్లు నడిపేవాడు. డిసెంబరులో ఒకరోజు పనికెళ్ళి తిరిగి రాలేదు. ఎవరితోనో హైదరాబాదు పోయాడని క్వారీ వాళ్ళన్నారు. ఆ రోజు ఉత్తరపు అంచు జారిందని, సాయంత్రానికల్లా పొక్లెయిన్ పెట్టి పూడ్చేశారని ఊళ్ళో గుసగుస. దావీదు భార్య ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని పోలీసు స్టేషను చుట్టూ తిరుగుతోంది.

రెక్క మార్పించుకున్న రోజున యేసుపాదం నా బల్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. "అక్కా, పూడ్చిన చోటు పైనించి చూస్తే తెలుసుద్దా?" అని అడిగాడు. "పనిలో ఉన్నానయ్యా, తర్వాత రా" అని విసుక్కున్నాను. అతను మళ్ళీ రాలేదు. తనంతట తానే నేర్చుకుని, ఇదిగో, అన్న కోసం వెతుకుతున్నాడు. అతను కూర్చున్న చోటు అడుగులతో సహా నా తెర మీద ఉంది. దాన్ని చదవాలనుకుంటున్న మనిషి నా భుజం వెనకే ఉన్నాడు. వీళ్ళకి దొరికితే యేసుపాదం కూడా హైదరాబాదు పోయాడంటారు.

"దొరికాడా తల్లీ?" అంటూ వీరాంజనేయులు కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాడు. "పై... లట్. ఇదేంది?"

"అది డ్రోన్ లోపలుండే చిప్పండీ. దాన్నదే నడుపుకోడానికి" అన్నాను. మీట నొక్కి ఆ వరుసని మాయం చేశాను.

"మరి ఇది? హోమ్." ఆయన మొహం విచ్చుకుంది. "హోమ్ అంటే ఇల్లే గదా! మా మనవరాలు చదువుతది, హోమ్ అంటే ఇల్లు, డోర్ అంటే తలుపు. వాడి ఇల్లు కూడా చూపిస్తందే నీ డబ్బా!"

కాదని చెప్పడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. మ్యాపులో హోమ్ ఉన్న చోట ఇల్లూ వాకిలీ ఏమీ లేవు. కాలవ అవతల ఖాళీ గోధుమరంగు నేల. పోనీ, అక్కడికి పోయి చేతులూపుకుంటూ తిరిగొస్తారు, ఈలోగా యేసుపాదం సర్దుకుని వెళ్ళిపోతాడు అనుకున్నాను. నా జీవితంలో నోరు మూసుకున్న సందర్భాలు తక్కువ. అందులో ఇది ఒకటి.

"నువ్వు కూడా రా తల్లీ, డబ్బా తీసుకొని. దారి చూపిద్దువుగాని" అన్నాడు. అడుగుతున్నట్టే అన్నాడు, కానీ ఇద్దరిలో ఒకడు అప్పటికే నా డబ్బా చంకన పెట్టుకున్నాడు.

జీపులో వెనక సీట్లో నన్ను మధ్యన కూర్చోబెట్టారు. చున్నీ కింద ఫోన్ పెట్టుకుని యేసుపాదానికి మెసేజ్ కొట్టాను. వెళ్ళలేదు. ఎలా వెళ్తుంది? ఎగరేసేటప్పుడు ఫోన్ ఫ్లయిట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే కాల్స్ వచ్చి బొమ్మ చెడుతుంది అని ప్రతి కస్టమరుకీ పాఠం చెప్పేది నేనే.

జీపు కాలవ కట్ట ఎక్కింది. పైలట్ వరుసలో నేను చూసిన చోటు ఆ కట్ట దిగువనే, తుమ్మచెట్ల గుబురులో. కొమ్మల సందున బండి హ్యాండిలు తళుక్కుమంది. "కడుపులో తిప్పుతోందండీ, ఆ పక్క అద్దం దించండి" అని గట్టిగా అరిచి అందర్నీ రెండో వైపుకి చూసేలా చేశాను. జీపు దాటిపోయింది.

కాలవ దాటి మలుపు తిరిగాక హోమ్ కనిపించింది. అక్కడ నాకు నిజంగా భయమేసింది. అది ఖాళీ నేల కాదు, మిర్చి కల్లం. మ్యాపులో బొమ్మ ఏ వానాకాలంలోనో తీసింది. ఫిబ్రవరిలో మా పల్నాటి కల్లాలు ఖాళీగా ఉంటాయా? కాయలు ఎండేదాకా మనుషులు రాత్రింబగళ్ళు అక్కడే కాపలా ఉండరా? గురజాల దగ్గర మిరప రైతు ఇంట్లో పుట్టిన దాన్ని, ఇంత చిన్న సంగతి మర్చిపోయాను. నీలం పట్టాల మీద ఎర్రగా పరిచిన కాయలు, పక్కన ట్రాక్టర్ ట్రక్కు, తాటాకు పందిరి. పందిట్లో ఒక ముసలామె, ఒక పడుచు, చీర ఉయ్యాలలో పసిబిడ్డ.

ముసలామె కోటమ్మ, పడుచు ఆమె కోడలు మంజుల. మగవాళ్ళిద్దరూ గుంటూరు మిర్చి యార్డుకి వెళ్ళారని తర్వాత తెలిసింది.

వీరాంజనేయులు వెళ్ళి నులకమంచం మీద కూర్చున్నాడు. "ఏమ్మా, డ్రోను ఎగరేసేది మీ ఇంట్లో ఎవరు?"

"డ్రోనా? మందు కొట్టేదా? కోతలయిపోయినై గదయ్యా, ఇప్పుడు మందెందుకు?" అంది కోటమ్మ. ఆమె కళ్ళు ఒక్క క్షణం కాలవ కట్ట వైపు పోయి వచ్చాయి. ఆమెకి తెలుసు. చెట్ల గుబురులో డ్రోన్ లేపడానికి జాగా ఉండదు, ఇందాక ఈ పట్టాల పక్కన లేపుకోనిచ్చింది ఆమే. అయినా పేరు బయటికి రానివ్వలేదు.

"అబద్ధం చెప్పబాకమ్మా. మీ ఇల్లు ఇదేనని మిషనే చెప్పింది."

"మిషనుకేం తెలుసు మా ఇల్లు? మా ఇల్లు ఊళ్ళో ఉంది."

వీరాంజనేయులు ఇద్దరిలో ఒకడి వైపు చూశాడు. వాడు జీపులోంచి పెట్రోలు డబ్బా తెచ్చి కాయల గుట్ట పక్కన పెట్టి, మూత తిప్పడం మొదలెట్టాడు. ఎండుమిరపకాయలు అంటుకుంటే ఆ ఘాటుకి ఎంత దూరాన ఉన్నవాళ్ళయినా ఊపిరాడక పరిగెత్తుతారు. ఉయ్యాల అక్కడికి పది అడుగుల దూరంలో ఉంది. మంజుల బిడ్డని తీసి రొమ్ముకి అదుముకుంది.

"హోమ్ అంటే ఇల్లు కాదు!" అని అరిచాను. "వీళ్ళకేం సంబంధం లేదండీ. హోమ్ అంటే డ్రోన్ లేచిన చోటు. మళ్ళీ వచ్చి దిగే చోటు. అంతే!"

పెట్రోలు మూత తిప్పే చెయ్యి ఆగింది. వీరాంజనేయులు నా వంక చూసి నవ్వాడు.

"మళ్ళీ వచ్చి దిగుద్దా? ఇక్కడికే?"

అప్పుడర్థమైంది నేనేం చేశానో. కోటమ్మని కాపాడబోయి యేసుపాదాన్ని అప్పగించాను. డ్రోన్ ఇక్కడ దిగితే దాన్ని తీసుకోవడానికి అతను నడిచి వస్తాడు. వెతకక్కర్లేదు, కూర్చుంటే చాలు.

"అయితే కూర్చుందాం" అన్నాడు వీరాంజనేయులు. జీపుని పందిరి వెనక్కి పెట్టించాడు. మనుషులిద్దర్నీ పందిట్లోకి రమ్మన్నాడు. పైనించి చూస్తే కల్లంలో మామూలు మనుషులు తప్ప ఎవరూ కనపడకూడదని ఆయన ఉద్దేశం. నా ఫోన్ తీసుకుని జేబులో వేసుకున్నాడు.

లెక్క చూసుకున్నాను. డ్రోన్ లేచి పాతిక నిమిషాలు దాటుంటుంది. బ్యాటరీ ముప్ఫై నిమిషాలకి మించి రాదు. అంటే ఐదు నిమిషాలు. ఫోన్ లేదు. అరిస్తే వినపడదు. కాలవ కట్ట వైపు పరిగెడితే, నా వెనకే వాళ్ళూ వస్తారు.

మరి యేసుపాదానికి నేనెలా కనపడతాను? డ్రోన్ కంటితోనే. దిగే ముందు అతను తప్పకుండా కిందికి చూస్తాడు.

కోటమ్మ కాయలు తిరగేయడానికి లేచి నా ముందు నుంచే వెళ్ళింది. ఎండ ఎక్కాక కాయల్ని కాళ్ళతో చాళ్ళు తీస్తూ తిరగేయాలి, అడుగుది పైకి రావాలి. ఆమె పట్టా మీద కాళ్ళు ఈడుస్తుంటే ఎర్రటి కాయలు పక్కకి జరిగి, కింద నీలం చార కనిపించింది. చాలా స్పష్టంగా కనిపించింది.

"నేను కూడా ఒక చెయ్యి వేస్తానత్తా, ఉత్తినే కూర్చోలేను" అని చెప్పులు విడిచి కాయల్లోకి దిగాను. వీరాంజనేయులు అడ్డు చెప్పలేదు. ఆడది కల్లంలో కాయలు తిరగేస్తే ఎవరికి అనుమానం?

ఎండకి కాయలు చుర్రున కాలుతున్నాయి. తొక్కుతుంటే గింజలు పాదాలకి అంటుకుని మండాయి. ముక్కులోకి ఘాటు పోయి కళ్ళలో నీళ్ళు కారాయి. తుమ్ముతూ, కాళ్ళు ఈడుస్తూ, పట్టా ఈ చివర మొదలుపెట్టి రాశాను. ర. దాని పక్కన పొడుగ్గా దీర్ఘం. రా. కొంచెం ఎడం వదిలి క. దాని కింద పక్కగా కొమ్ము. కు. రెండే అక్షరాలు. ఒక్కొక్కటీ మంచమంత. రాకు.

చేతులు నడుముకి ఆనించి వెనక్కి తిరిగి చూసుకున్నాను.

కోటమ్మ నా వెనకే వస్తోంది. ఆమెకి చదువు రాదు. ఎవరో పట్నం పిల్ల వంకరటింకరగా చాళ్ళు తీసి పట్టా బయటపెట్టేస్తే, అలవాటుగా, కాళ్ళతోనే కాయల్ని మళ్ళీ సమంగా నెట్టుకుంటూ వస్తోంది. కు మొత్తం పూడ్చేసింది. పట్టా మీద మిగిలింది రా.

రా!

అదే క్షణంలో పైనించి ఆ శబ్దం వినిపించింది. జోరీగ ముసిరినట్టు సన్నగా మొదలై, దగ్గరైంది. కల్లం మీదికి వచ్చి నిలబడింది. చూస్తుండగానే కిందికి దిగడం మొదలెట్టింది. పందిట్లో ఇద్దరూ లేచి నిలబడ్డారు. నేను కోటమ్మని పిలవలేను, ఆపలేను, కాయల్లోంచి కాలు కదపలేను. దేవుడా, నా చేత్తో నేనే అతన్ని రమ్మని పిలిచాను అనుకున్నాను. ఏడుపొచ్చింది. ఘాటు వల్లే అనుకునుంటారు.

"ఓ అత్తా! ఏందది, ఆ పిల్ల ఆడ చాళ్ళు తీస్తంటే నువ్వు చెరుపుకుంటా పోతన్నావ్! ఇట్టా రా, పిల్లదాన్ని ఎత్తుకో!"

మంజుల. బిడ్డని అత్త చేతుల్లో పడేసి, చీర కుచ్చిళ్ళు దోపుకుని కాయల్లోకి దిగింది. నా వంక చూడను కూడా చూడలేదు. ఆమె పదో తరగతి దాకా చదివిందని నాకు అప్పుడు తెలియదు. కు ఎక్కడ చెరిగిందో సరిగ్గా అక్కడే నిలబడి, తలవంచుకుని, కూలికొచ్చిన మనిషిలా విసుగ్గా కాళ్ళు ఈడ్చింది. క తిరిగింది. కొమ్ము దిగింది. నాకంటే గుండ్రంగా రాసింది.

డ్రోన్ తాటిచెట్టు ఎత్తులో ఆగింది. అలా ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు. తర్వాత అది ఒక్కసారి పక్కకి ఊగి, పైకి లేచి, కాలవ వైపు కాక దానికి పూర్తిగా ఎదురు దిక్కున, కొండల వైపు దూసుకుపోయింది. బ్యాటరీ అయిపోయి ఎక్కడో పడిపోతుందని తెలిసే అలా పంపాడు. వీళ్ళు దాని వెంట పడతారని అతని లెక్క. ఆ లెక్క తప్పలేదు. ఇద్దరూ జీపు తీసుకుని అటే దౌడు తీశారు.

వీరాంజనేయులు వాళ్ళతో పోలేదు. అది ఏ దిక్కున పోతోందో చూద్దామని ట్రాక్టర్ ట్రక్కు మీదికి ఎక్కాడు. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని కొండల వైపు చూశాడు. చూసి, దిగబోతూ, కిందికి చూశాడు.

నేలమీద నిలబడితే అవి చాళ్ళు. ఆ ఎత్తు నుంచి చూస్తే అక్షరాలు.

ఆయన పెదాలు కదిలాయి. కూడబలుక్కుని చదువుకున్నాడు. మంజుల నా పక్కనే ఉంది. ఆమె చెయ్యి నా చేతికి తగిలింది. వీరాంజనేయులు నిదానంగా ట్రక్కు దిగాడు. తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ మా దగ్గరికి వచ్చాడు.

"రాసిందెవరు?"

"నేనే" అన్నాను. "రెండూ నేనే."

ఆయన మంజుల పాదాల వంక చూశాడు, నా పాదాల వంక చూశాడు. రెండు జతలూ ఎర్రగానే ఉన్నాయి.

"చేతిరాత బాగుంది తల్లీ" అన్నాడు. నా ఫోన్ నా చేతికిచ్చాడు.

అంతే. తిట్టలేదు, చెయ్యి ఎత్తలేదు. జీపు తిరిగొచ్చాక నన్ను నా షాపు ముందు దింపి, డబ్బా మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ రాత్రి పాదాలు బకెట్లో పెట్టుకుని కూర్చున్నాను.

నాలుగు రోజుల తర్వాత తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. యేసుపాదం. కృష్ణ అవతల ఎవరో చుట్టాల ఇంట్లో ఉన్నానన్నాడు. పైనించి తీసిన బొమ్మలన్నీ గురజాలలో ఒక వకీలుకి చేర్చాడట.

"ముందు రా అని కనపడిందక్కా. నువ్వే పిలుస్తన్నావనుకొని దించబోయా. ఇంతలో కు వచ్చింది" అన్నాడు. "ఉత్తరపక్క నేల కొత్తగా పోసిందేనక్కా. బొమ్మలో తెలుస్తంది. మా అన్న ఆడే ఉన్నాడు" అని ఏడ్చాడు.

ఆ నేలని ఇంతవరకూ ఎవరూ తవ్వలేదు. వకీలు తిరుగుతున్నాడు, కాగితాలు తిరుగుతున్నాయి. నా డబ్బా క్వారీ ఆఫీసులో బల్ల మీద ఉంది. మీట నొక్కితే పైలట్ వరుస మళ్ళీ వస్తుంది. అది చిప్పు కాదని ఆయనకి ఎప్పుడో తెలిసే ఉంటుంది. యేసుపాదాన్ని మళ్ళీ ఎగరేయొద్దని ఒట్టు వేయించుకున్నాను. మాచవరంలో, గురజాలలో మిగతా పెళ్ళి ఫొటోల వాళ్ళందరికీ ఫోన్లు చేసి ఆ పక్కకి పోవద్దని చెప్పాను. ఎందుకని అడిగితే కసురుకున్నాను. అన్సార్ భాయ్‌కి మాత్రం అంతా చెప్పాను. ఆయన అప్పుడే వద్దన్నానని ఎత్తిపొడవలేదు. రోజూ నేను షట్టరు వేసేదాకా తను వెయ్యడం మానేశాడు, అంతే.

వీరాంజనేయులు ప్రతి శుక్రవారం మా వీధికి వస్తాడు. ఏ పనీ ఉండదు. అదే స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని టీ తాగుతాడు. లేచేటప్పుడు మెత్తగా అడుగుతాడు.

"హోమ్ కులాసానా తల్లీ?"

నాకు ఆ ప్రశ్న అర్థమవుతుంది. మా అమ్మ ఉండే ఇల్లు, నేను రోజూ తిరిగి చేరే చోటు. పిడుగురాళ్ల అంతటికీ వినపడే నా నోరు ఆ నిమిషంలో పెగలదు. కులాసానే అని తలూపుతాను. ఆయన వెళ్ళాక అమ్మకి ఫోన్ చేసి, తలుపు గడియ పెట్టుకోమని చెబుతాను.